ఏసీఎల్ ఆపరేషన్ అయి 14 నెలలు. గ్రాఫ్ట్ తెగలేదంటున్నారు, మరి మోకాలు ఎందుకు జారుతోంది?

లంక_రైడర్
నా వయసు 24. ముమ్మిడివరం పక్కన పల్లెటూరు మాది. పోయినేడాది సంక్రాంతికి ఊళ్ళో కబడ్డీ. కూతకెళ్ళి ఒకణ్ణి తాకి గీత వైపు గిర్రున తిరిగాను. పాదం మట్టిలో అలాగే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. కుడి మోకాట్లో టప్‌మని చప్పుడు, పక్కవాడికి కూడా వినపడింది. దీపాలవేళకి వాచి బొప్పాయికాయలా అయింది. ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాట్లో పై ఎముకనీ కింది ఎముకనీ కట్టి ఉంచే పట్టీ, పూర్తిగా తెగిందన్నారు. మార్చిలో ఆపరేషన్, తొడ వెనక నుంచి టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు, తీసి దాని చోట వేశారు. దాన్నే గ్రాఫ్ట్ అంటున్నారు.

ఇప్పుడు తిన్నగా నడిస్తే ఏమీ లేదు. బండి నడుపుతాను, మెట్లెక్కుతాను. కానీ చేలగట్టు మీద ఎరువు బస్తాతో పక్కకి తిరిగితే మోకాలు లోపలే జారిపోతుంది. మొన్న దాళ్వా కోతల్లో రెండుసార్లు పడ్డాను. మళ్ళీ ఎమ్మారై తీస్తే గ్రాఫ్ట్ బాగానే ఉందని రాశారు. ఆపరేషన్ చేసిన చోట అడిగితే నువ్వు ఎక్సర్‌సైజులు సరిగా చెయ్యలేదన్నారు. రోజూ చేశానండి, ఒక్క రోజు మానలేదు. ఇంకో డాక్టరు గారు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "తాడు బాగానే ఉంది, కట్టిన చోటు తేడా" అన్నారు. చోటు తేడా అంటే ఏంటి? అప్పు చేసి చేయించుకున్న ఆపరేషన్ ఇది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాలకొల్లు_పద్మ
జారినప్పుడు నొప్పి వచ్చి కాలు వదిలేస్తున్నావా, నొప్పి లేకుండానే జారుతోందా? రెండూ వేరు తమ్ముడూ.

లంక_రైడర్
నొప్పి లేదక్కా. ముందు జారుతుంది, పడ్డాక నొప్పి.

దింపు_వీరుడు
మా చిన్నాన్న కొబ్బరి దింపు చేస్తూ జారి పడితే ఇలాగే మోకాలి నరం తెగింది. నాటు కట్టు మూడు వారాలు కట్టించాం, లేచి తిరిగాడు. ఈ ఆపరేషన్లు అనవసరం అని నా ఉద్దేశం.

ఆర్థో_పీజీ
వీరుడు గారూ, మనూళ్ళల్లో అందరూ నరం అంటారు గానీ ఇది నరం కాదండి. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండే గట్టి పట్టీ, లిగమెంట్. ఎముక విరిగితే కట్టుతో అతుక్కునే అవకాశం ఉంది. ఏసీఎల్ కీలు లోపల జిగురు నీళ్ళలో ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు, అందుకే పూర్తిగా తెగినది చాలామందిలో తనంతట తాను అతుక్కోదు. మీ చిన్నాన్న గారు తిరుగుతున్నారంటే తొడ కండరాలు బలంగా ఉండి కాచుకుంటూ ఉండొచ్చు. ఏసీఎల్ లేకుండా తిన్నగా నడవడం చాలామందికి కుదురుతుంది. అసలు పరీక్ష కాలు నాటి ఒళ్ళు తిప్పినప్పుడే.

ఇక రైడర్ అడిగిన దానికి వస్తాను. కాస్త పెద్దగా రాస్తున్నాను.

తొడ ఎముక కింది చివర రెండు గుబ్బలుంటాయి, మధ్యలో సందు. ఏసీఎల్ పైకొస, బయటివైపు గుబ్బకి సందులో కనిపించే గోడ మీద అతుకుతుంది, అదీ బాగా వెనక భాగాన. అక్కడి నుంచి ముందుకి, కిందికి, లోపలి వైపుకి ఏటవాలుగా దిగుతుంది. కింద టిబియా అనే పెద్ద ఎముక పైభాగాన నడిమధ్య రెండు చిన్న శిఖరాలుంటాయి. వాటికి కాస్త ముందు దాని కిందికొస. బయటి నెలవంక, అంటే ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్, దాని ముందుకొమ్ము అక్కడే దీనితో కలిసిపోతుంది. మొత్తం పొడవు సుమారు 3 సెంటీమీటర్లు, అంతే.

ఏటవాలు అన్న మాట గుర్తుంచుకో. పిక్క ముందుకి జారకుండా ఆపేదీ, మెలి తిరగకుండా ఆపేదీ ఆ వాలే. ఆపరేషన్లో తొడ ఎముకలో వేసే రంధ్రం, దాన్ని టనెల్ అంటాం, గోడ మీద కాకుండా సందు పైకప్పు దగ్గర పడితే కొత్త తాడు నిట్టనిలువుగా నిలబడుతుంది. నిలువు తాడు పిక్క ముందుకి రావడాన్ని కొంత ఆపుతుంది, మెలికని ఆపలేదు. అందుకే నీకు తిన్నగా నడిస్తే బాగుండి, తిరిగితే జారుతోంది. ఎమ్మారైలో తాడు తెగలేదని రాయడం కూడా నిజమే అయ్యుండొచ్చు. కాలు చూడకుండా నేను తేల్చి చెప్పను గానీ, నీ మాటల్ని బట్టి ఆ రెండో డాక్టరు గారి మాటే నాకు సరిగ్గా అనిపిస్తోంది.

పంటు_సరంగు
డాక్టరు గారు చెప్పింది నాకు పడవ భాషలో అర్థమైంది, సరిచూడండి. రేవులో పడవని ఒక్క మోకుతో కట్టం. పోటుకి ఒక మోకు బిగుస్తుంది, పాటుకి ఇంకోటి బిగుస్తుంది. మోకు ఎంత కొత్తదైనా, రాట పాతాల్సిన చోట పాతకపోతే పడవ మొన తిరిగిపోయి పక్క పడవని గుద్దుతుంది. మోకు మాత్రం తెగదు. అప్పుడు మోకుని తిట్టి లాభం లేదు, రాటనే చూడాలి. ఈ అబ్బాయి మోకాట్లో జరిగింది ఇదేనా?

ఆర్థో_పీజీ
సరంగు గారూ, మా ప్రొఫెసర్లు కూడా ఇంత బాగా చెప్పలేదండి. రెండు మోకుల మాట కూడా నిజమే. ఏసీఎల్‌లో రెండు పాయలుంటాయి. కింది ఎముక మీద అతికే చోటుని బట్టి పేర్లు, ముందు లోపలి పాయ, వెనక బయటి పాయ. మోకాలు వంచితే మొదటిది బిగుస్తుంది, చాపితే రెండోది బిగుస్తుంది. పోటు పాటు లాగే. ఒక్క సవరణ, ఇవి వేర్వేరు తాళ్ళు కావు. పక్కపక్కనే పేనిన రెండు పురులు అనుకోండి.

ఎముకల_మాస్టారు
నేను అనాటమీ చెప్పి రిటైరైనవాణ్ణి. పైన పీజీ అబ్బాయి చెప్పినదాంట్లో అతికే చోటు గురించి కొంచెం చేర్చాలి, అసలు సంగతంతా అక్కడే ఉంది.

డిసెక్షన్ హాల్లో పిల్లలకి ఇది చూపించాలంటే తొడ ఎముకని మధ్యలో నిలువునా కోసి లోపలి గుబ్బని తీసేసేవాళ్ళం. అప్పుడు బయటి గుబ్బ గోడ, దాని మీద ఏసీఎల్, కళ్ళ ముందు తలుపు తీసినట్టు కనపడుతుంది. కాలు చాపి ఉంచితే రెండు పాయలూ పక్కపక్కన, జడలో పాయల్లా సాఫీగా ఉంటాయి. మెల్లగా వంచండి. పైకొస నిలువు నుంచి అడ్డానికి తిరుగుతుంది, పాయలు ఒకదాని మీదుగా ఒకటి మెలిక పడతాయి. ఎన్నిసార్లు చూపించానో లెక్కలేదు, ప్రతిసారీ వెనక వరసలో పిల్లలు బల్లలెక్కి చూసేవాళ్ళు.

ఇంకోటి. ఎండిన తొడ ఎముకని చేతిలోకి తీసుకుని ఆ గోడ మీద గోటితో గీరి చూడండి. సన్నటి గట్టు ఒకటి తగులుతుంది, చేలగట్టు లాగే. కొందరి ఎముకల్లో స్పష్టంగా, కొందరిలో లీలగా. ఏసీఎల్ మొత్తం ఆ గట్టుకి వెనకే అతుకుతుంది, ముందు ఒక్క పోగు కూడా ఉండదు. దూర్బీను పెట్టి చూసే కొత్త సర్జన్లు ఈ గట్టునే గోడకి వెనక అంచు అనుకుని, దాని ముందు రంధ్రం వేసేవారు. అందుకే దానికి అమెరికాలో రెసిడెంట్స్ రిడ్జ్ అనే పేరు పడింది. రెసిడెంట్ అంటే శిక్షణలో ఉన్న డాక్టరు.

నడుమ సన్నగా, ఎముకని తాకే చోట వెడల్పుగా ఉంటుంది ఏసీఎల్. నడుమ అడ్డంగా కోస్తే కనిపించే విస్తీర్ణంతో పోలిస్తే అతికే చోటు విస్తీర్ణం మూడు రెట్లకి పైనే. తాటిచెట్టు మొదలు చూడండి, నేల దగ్గర ఎలా విచ్చుకుంటుందో. అంత వెడల్పు చోటుని 8 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం పూర్తిగా నింపలేదు. నింపలేనప్పుడు కనీసం నడిబొడ్డున పడాలి కదా.

లంక_రైడర్
మాస్టారూ, పదిసార్లు చదివాను. ఇప్పటిదాకా నాకెవరూ ఇది చెప్పలేదండి.

నాకూ_ఆపరేషనే
కాస్త ఆగండి. నాకు 2009లో చేశారు, పాత పద్ధతిలో. అంటే కింది ఎముకలో వేసిన రంధ్రంలో నుంచే డ్రిల్లు పైకి పోనిచ్చి తొడ ఎముకకి రంధ్రం వేసేవారు. మీ లెక్కన నాది కూడా నిలువు తాడే అయ్యుండాలి. 15 ఏళ్ళకి పైగా అయింది, వాలీబాల్ ఆడుతున్నాను, ఒక్కసారి జారలేదు. రంధ్రం చోటు తేడా వస్తే కొంప మునిగిపోతుందని కుర్రాణ్ణి భయపెట్టకండి.

ఆర్థో_పీజీ
మీ మాట కొట్టెయ్యను. ఆ పద్ధతిలో చేయించుకుని హాయిగా ఉన్నవాళ్ళు బోలెడుమంది. చేతి నేర్పు ఉన్న సర్జన్ కింది రంధ్రం ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుని పైది కూడా చోటుకి దగ్గరగా వేసేవారు. ఇబ్బంది ఏంటంటే, కింది రంధ్రం ఏ దారి చూపితే డ్రిల్లు ఆ దారినే పోవాలి. దాంతో చాలామందికి పైది ఎత్తుగా పడేది. ఇప్పుడు మోకాలి ముందు లోపలి వైపు ఇంకో చిన్న గాటు పెట్టి, మోకాలు బాగా వంచి, నేరుగా ఆ గోడ మీదే గురిపెడతారు. చోటు ఎక్కడుండాలని చూపించడానికి పిట్స్‌బర్గ్‌లో ఫ్రెడ్డీ ఫు అనే సర్జన్ జీవితమంతా పనిచేశారు, 2021లో పోయారు. అందరి ఏసీఎల్ ఒకే సైజు కాదు, ఎవరి కొలత వాళ్ళదే తియ్యాలన్నది ఆయన పట్టు.

నాకూ_ఆపరేషనే
అయితే నా సర్జన్ గారిది చేతి నేర్పే అన్నమాట. సంక్రాంతికి ఆయనకి పూతరేకులు పంపుతాను.

పాలకొల్లు_పద్మ
చోటు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాదీ చెప్తాను. నాది ఏసీఎల్ కాదు, దాని తోడికోడలు పీసీఎల్, ఏసీఎల్ వెనకే ఉండే ఇంకో పట్టీ. స్కూటీ మీద వెళ్తుంటే ఆటో ఎదురొచ్చి, వంగి ఉన్న మోకాలి కిందిభాగం ముందు నుంచి గట్టిగా కొట్టుకుంది. ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, బెణికింది, క్రేప్ బ్యాండేజీ కట్టుకోమన్నారు. పది రోజులైనా మెట్లు దిగితే కాలు వెనక్కి పడిపోతున్నట్టుండేది. ఇంకోచోట చూపిస్తే, పడుకోబెట్టి రెండు మోకాళ్ళూ వంచి పక్క నుంచి చూశారు. ఎడమ పిక్క గోళీ అంత గుంట పడి వెనక్కి కుంగి ఉంది, మా ఆయనకి కూడా కనిపించింది. సీటీ తీస్తే పీసీఎల్ తెగలేదు, అది అతుక్కున్న ఎముక ముక్కతో సహా ఊడొచ్చింది. పీకిన గడ్డి పరక వేళ్ళకి మట్టి ముద్ద అంటుకొచ్చినట్టు. మోకాలి వెనక నుంచి తెరిచి ఆ ముక్కని చోట్లో కూర్చోబెట్టి స్క్రూ వేశారు. కొత్త తాడు అక్కర్లేకపోయింది. ఇప్పుడు బాగున్నాను.

ఆర్థో_పీజీ
పద్మ గారూ, ఇది చాలామందికి తెలియాల్సిన కేసు. బైకు ప్రమాదాల వల్ల మన దగ్గర ఇది తరచూ చూస్తాం. పీసీఎల్ లోపలి గుబ్బ గోడ మీద మొదలై, కింది ఎముక వెనకభాగంలో, పై అంచుకి సుమారు సెంటీమీటరు దిగువన అతుకుతుంది. అంత వెనక, అంత కింద ఉండటం వల్ల ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో ముక్క దాగిపోవచ్చు. పక్క నుంచి తీసినది జాగ్రత్తగా చూడాలి.

కడియం_అమ్మమ్మ
మా మనవడికి 10 ఏళ్ళు, సైకిల్ మీంచి పడ్డాడు. ఏసీఎల్ దగ్గర ఎముక లేచింది అన్నారు. పద్మ గారికి జరిగినట్టేనా?

ఆర్థో_పీజీ
అదే కోవ అమ్మమ్మ గారూ, కాకపోతే ముందు వైపుది. చిన్నపిల్లల్లో లిగమెంట్ కంటే అది నాటుకున్న ఎముకే మెత్తన. తాడు నిలుస్తుంది, రాట లేచొస్తుంది. ముక్క కొద్దిగా లేస్తే కాలు చాపి కట్టు వేసి చూస్తారు, బాగా లేస్తే దారంతోనో స్క్రూతోనో బిగిస్తారు. పిల్లల్లో ఎముక ఎదిగే పొర దగ్గర్లోనే ఉంటుంది, దాన్ని కాపాడుతూ చెయ్యాలి. పిల్లల ఎముకలు చూసే అనుభవం ఉన్నవాళ్ళకి చూపించండి.

కడియం_అమ్మమ్మ
చూపించాం నాయనా, కట్టు వేశారు. నీ మాటకీ వాళ్ళ మాటకీ పొత్తు కుదిరింది, ప్రాణం కుదుటపడింది.

ఫిజియో_గోదావరి
రైడర్ తమ్ముడూ, నీకు ఒక మాట చెప్పాలి. ఎక్సర్‌సైజులు చెయ్యలేదన్న మాట విని నువ్వు కుమిలిపోకు. కండరం తాడుకి తోడు నిలుస్తుంది గానీ, రంధ్రం చోటుని మార్చలేదు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళలో తప్పు వేరేలా ఉంటుంది. మూడో నెలకి వాపు తగ్గి, నొప్పి పోయి, మోకాలు బాగుపడిపోయిందనుకుంటారు. సరిగ్గా అప్పటికి లోపల ఏం జరుగుతోందో వాళ్ళకి తెలియదు. రంధ్రంలో టెండన్ ఎముకని పట్టుకోవడానికే 8 నుంచి 12 వారాలు పడుతుంది. పట్టుకున్నా కీలు మధ్యలో ఉన్న భాగానికి మొదట్లో రక్తం అందదు. పాత కణాలు పోయి కొత్తవి చేరి, అది లిగమెంట్‌లా మారడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నాట్లేసిన మడిలో మొదటి వారం చేను పచ్చగా కనిపించినా, లాగితే ఊడొచ్చేస్తుంది కదా. 9 నెలల లోపు కబడ్డీ కోర్టులో దిగనివ్వను నేను. ఆ తర్వాత కూడా రెండు కాళ్ళ బలం కొలిచాకే.

ఎముకల_మాస్టారు
ఫిజియో అమ్మాయి చెప్పినది నిజం. దేవుడిచ్చిన ఏసీఎల్ ఎముకలోకి నాలుగు మెట్లలో దిగుతుంది. మొదట లిగమెంట్, తర్వాత మెత్తటి మృదులాస్థి కలిసిన పొర, ఆపైన సున్నం పట్టిన పొర, చివరికి ఎముక. మెత్తన నుంచి గట్టికి మెల్లమెల్లగా మారుతుంది కాబట్టి లాగుడు ఒక్కచోట పడదు. రంధ్రంలో పెట్టిన టెండన్‌కి ఎక్కువగా ఏర్పడేది వేళ్ళలాంటి పోగులు, వాటితోనే ఎముకని పట్టుకుంటుంది. ఆ నాలుగు మెట్లూ అచ్చంగా తిరిగి రావు. అందుకే చోటైనా సరిగ్గా కుదరాలని నా తాపత్రయం.

దింపు_వీరుడు
మాస్టారూ, ఈ సంగతులు ఎప్పట్నుంచి తెలుసండి వీళ్ళకి? కొత్తగా కనిపెట్టారా?

ఎముకల_మాస్టారు
రెండు పాయల సంగతి జర్మనీలో వెబర్ సోదరులు 1836లోనే రాశారు. మన ధవళేశ్వరం ఆనకట్ట పని ఇంకా మొదలే కాలేదు అప్పటికి. ఫ్రాన్సులో పాల్ సెగాండ్ 1879లో, మోకాలు మెలి తిరిగితే కింది ఎముక బయటి అంచు నుంచి చిన్న ఎముక పెచ్చు ఊడుతుందని చెప్పాడు. ఎక్స్‌రే 1895లో వచ్చింది, అంటే ఆయన ఎక్స్‌రే లేకుండానే చెప్పాడు. ఈరోజు ఎక్స్‌రేలో ఆ పెచ్చు కనిపిస్తే ఏసీఎల్ తెగి ఉంటుందని డాక్టరు వెంటనే అనుమానిస్తాడు. ఆ పెచ్చుని లాగే పట్టీ గురించి 2013లో బెల్జియం వాళ్ళు మళ్ళీ వివరంగా రాస్తే ప్రపంచమంతా కొత్త లిగమెంట్ అని పేపర్లలో వేసుకుంది. శవం మీద కత్తి పెట్టి ఓపిగ్గా చూసినవాళ్ళకే ఇవి దొరికాయి.

దింపు_వీరుడు
కట్టు సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నాన్నని కూడా తీసుకెళ్ళి చూపిస్తాను. ఆయన ఈమధ్య చెట్టు దిగుతున్నప్పుడు ఆగి ఆగి దిగుతున్నాడు.

ఆర్థో_పీజీ
తప్పకుండా తీసుకెళ్ళండి. జారే మోకాలితో ఏళ్ళు గడిపితే మెనిస్కస్ నలిగిపోతుంది. చెట్టు మీద జారితే ఆ ప్రమాదం ఇంకో రకం.

లంక_రైడర్
ఇప్పుడు నేనేం చెయ్యాలి? మళ్ళీ ఆపరేషన్ అంటే అమ్మ ఏడుస్తోంది. ఈసారి తాడు ఎక్కడ నుంచి తీస్తారు? ఒక తొడది అయిపోయింది కదా.

ఆర్థో_పీజీ
ముందు సీటీ తీయించు, త్రీడీలో. ఎమ్మారై తాడుని బాగా చూపిస్తుంది, రంధ్రం నోరు గోడ మీద ఎక్కడుందో సీటీలో ఇంకా తేటగా కనిపిస్తుంది. రంధ్రాలు వెడల్పయ్యాయా లేదా కూడా తెలుస్తుంది. పాతది అసలు చోటుకి బాగా దూరంగా ఉంటే దాన్ని అలాగే వదిలి పక్కన కొత్తది వేసి ఒకేసారి పని ముగించొచ్చు. రెండూ ఒకదాని మీద ఒకటి పడేలా ఉంటే, ముందు పాతదాన్ని ఎముక పొడితో పూడ్చి, కొన్ని నెలలు ఆగి, అప్పుడు రెండోసారి. తాడుకి దారులు చాలా ఉన్నాయి. రెండో తొడ, మోకాలి చిప్ప కింది టెండన్, చిప్ప పైన తొడ కండరం టెండన్, చీలమండ పక్క నుంచి పెరోనియస్ అనే కండరం టెండన్. మెలిక ఎక్కువుంటే బయటివైపు చర్మం కింద ఒక పట్టీని కూడా తోడుగా బిగిస్తారు.

డాక్టరు గారిని ఇవి అడుగు: నా పైరంధ్రం గట్టుకి వెనకుందా ముందుందా, మెనిస్కస్ బాగుందా, ఒకసారా రెండుసార్లా, ఇంతకుముందు రివిజన్లు, అంటే ఇలా రెండోసారి సరిచేసే ఆపరేషన్లు, చేశారా. అడిగితే కోప్పడే డాక్టరు దగ్గర తొందరపడకు.

పాలకొల్లు_పద్మ
చిప్ప కింది టెండన్ తీస్తే మోకాళ్ళ మీద కూర్చోవడం కష్టమంటారు, నిజమేనా? ఊడ్పులు, కలుపులు చేసేవాళ్ళకి అది పెద్ద సంగతి.

ఫిజియో_గోదావరి
కొందరికి నేల మీద మోకాలు ఆనించినప్పుడు నొప్పి మిగులుతుంది, నిజం. దానికి రెండు చివరలా ఎముక ముక్కలుంటాయి కాబట్టి రంధ్రంలో ఎముకకి ఎముక త్వరగా అతుకుతుంది, అది దాని లాభం. పొలం పనీ, ఆటా రెండూ డాక్టరు గారికి ముందే చెప్పాలి తమ్ముడూ. ఆట ఒక్కటే చెప్పకు.

లంక_రైడర్
నెల తర్వాత వస్తున్నాను. సీటీ తీయించాను. డాక్టరు గారు కంప్యూటర్లో నా తొడ ఎముకని తిప్పి తిప్పి చూపించారు. లోపలి గుబ్బని తెర మీద తీసేశారు, అచ్చం మాస్టారు చెప్పినట్టు. గోడ మీద గట్టు లీలగా కనిపించింది. నా రంధ్రం గట్టు దగ్గర కూడా లేదు, పైకప్పులో గడియారం పన్నెండు కొట్టే చోట ఉంది. అసలు చోటు ఎముక నున్నగా, తాకనట్టుంది. దూరంగా ఉండటం వల్ల ఒకేసారి చేసెయ్యొచ్చు అన్నారు. మెనిస్కస్ అంచు కొద్దిగా చిరిగింది, దాన్నీ కుడతారట. రెండో తొడ నుంచి టెండన్, బయటివైపు పట్టీ కూడా. గట్టుకి వెనకేనా అని అడిగితే ఆయన నవ్వి, నీకెవరు చెప్పారయ్యా ఇవన్నీ అన్నారు.

పంటు_సరంగు
పంటు సరంగు చెప్పాడని చెప్పకపోయావా!

ఎముకల_మాస్టారు
చాలా సంతోషం బాబూ. ఎప్పుడు?

లంక_రైడర్
సార్వా ఊడ్పులు అయ్యాక, ఆగస్టులో. అప్పటిదాకా తొడ బలానికి ఫిజియో అక్క దగ్గరికి వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. ఎరువు బస్తాలు తమ్ముడు మోస్తున్నాడు.

ఫిజియో_గోదావరి
రేపు ఆరున్నరకే రా, ఎనిమిది దాటితే కరెంటు ఉండదు.